మా అన్నయ్య కోసం వచ్చాను

ఆ వీధిలో సోఫాలూ కుర్చీలూ బాగుచేసే షాపు ఒకటే ఉంది. అందులో మేస్త్రీలు ఇద్దరు, అన్నదమ్ములు. అన్నని పెద్దమేస్త్రి అనీ తమ్ముణ్ణి చిన్నమేస్త్రి అనీ పిలవడం అందరికీ అలవాటు. చిన్నమేస్త్రికి జుట్టు నెరిసింది, కళ్ళజోడొచ్చింది, ముందుపన్ను ఒకటి రాలింది, అయినా ఆ 'చిన్న' మాత్రం ఊడలేదు. అన్న ఉన్నంతకాలం తమ్ముడు చిన్నవాడే కదా, ఎవరేం చేస్తారు!

పెద్దమేస్త్రి పనిలోకి దిగితే గుప్పెడు చిన్నమేకులు నోట్లో పోసుకునేవాడు. ఒక్కోదాన్నీ నాలుకతో పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం సుత్తితో అందుకుని, గుడ్డ అంచున టక్కున దించేవాడు. చూడముచ్చటైన పని. అయితే నోటినిండా మేకులున్న మనిషిని ఏమడిగినా జవాబు రాదు. అది పనికెంత కలిసొచ్చిందో తెలీదు గానీ ఆయనకి మాత్రం బాగా కలిసొచ్చింది. "అన్నయ్యా, మళ్ళీ డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దాం?" టక్. "వదిన నిన్నట్నుంచి సరిగ్గా తినట్లేదు." టక్, టక్. తమ్ముడు వెళ్ళి తన గుడ్డ కత్తిరింపు తను చేసుకునేవాడు.

పెద్దమేస్త్రి తాగుతాడు. ఈ మాట ఇంట్లో గానీ షాపులో గానీ పైకి అన్నవాళ్ళు లేరు. "ఒంట్లో బాగాలేదు" అనేవాళ్ళు. పొద్దున్నే చెయ్యి వణికితే ఒంట్లో బాగాలేదు. మధ్యాహ్నం ఫోమ్ షీట్ల మీద పడి గురకపెడితే ఒంట్లో బాగాలేదు. సాయంత్రం షాపు మెట్టు దిగుతూ తూలి పడితే అప్పుడూ ఒంట్లో బాగాలేదే. ఇంటిగుట్టు దాచడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు, వీధిలో ఆ గుట్టు తెలియనివాళ్ళూ లేరు.

చివరికి డాక్టరే నోరుచేసుకున్నాడు. "లివర్ చాలావరకు పాడైపోయింది. ఇప్పుడు ఆపేస్తే మిగిలిన కాస్తతో బతికి బట్టకడతారు. ఆపకపోతే ఇక నా దగ్గరికి రానక్కర్లేదు" అన్నాడు. పెద్దమేస్త్రి నేలచూపులు చూశాడు. డాక్టరు మనసు కరిగిందేమో, గొంతు తగ్గించాడు. "మందులొక్కటే చాలవండీ. తాగి మానేసినవాళ్ళు, మానెయ్యాలనుకునేవాళ్ళు శనివారం సాయంత్రాలు ఒకచోట కూర్చుంటారు. పశువుల ఆస్పత్రి మేడమీద. వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చోండి. 'నేను తాగుతాను, మానడం నా వల్ల కావట్లేదు' అని మీ నోటితో మీరు చెప్పండి. ఆ మాట బయటికొచ్చాకే మిగతా వైద్యం."

వినడానికి నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలు అన్న నోట్లోంచి వస్తాయా రావా అన్నదాని మీదే అన్న ప్రాణం ఉందని చిన్నమేస్త్రికి ఆ గదిలోనే అర్థమైంది.

షాపుకి తిరిగొచ్చాక పెద్దమేస్త్రి మేకుల డబ్బా దగ్గరికి లాక్కుంటూ అన్నాడు. "నువ్వు ముందు వెళ్ళి చూసిరారా. ఎవరెవరొస్తారో కనుక్కో. మన కస్టమర్లు ఒక్కరు కనబడ్డా నేను మాత్రం గడప తొక్కను. పరువు పోతుంది."

ఏ పరువో, అదెక్కడ మిగిలిందో! చిన్నమేస్త్రి ఆ మాట అనలేదు. అన్నకి ఎదురుచెప్పిన పాపాన అతనెప్పుడూ పోలేదు. నాన్న పోయేనాటికి అన్నకి ఇంకా మీసం మొలవలేదు. ఆ వయసులో సుత్తి పట్టాడు. తను ఉత్తకాళ్ళతో తిరుగుతూ తమ్ముణ్ణి బూట్లేసి బడికి పంపాడు. తమ్ముడు చదువబ్బక షాపులోకొచ్చి కూర్చుంటే ఒక్క మాట అనకుండా కత్తెర చేతికిచ్చాడు. అలాంటి అన్న నుయ్యి చూపించి దూకమన్నా దూకే తమ్ముడతను. మేడ మెట్లెక్కి రమ్మంటే ఎక్కకుండా ఉంటాడా?

ఎక్కడానికి మెట్లు దొరకాలిగా, అదీ కష్టమే అయింది. పశువుల ఆస్పత్రి అన్నాడే గానీ ఏ పశువుల ఆస్పత్రో డాక్టరు చెప్పలేదు. తాగుబోతుల మీటింగు ఎక్కడండీ అని దారినపోయేవాళ్ళని అడిగితే ఏమనుకుంటారు? నీకేననుకుంటారు. అందుకని ఎవరినీ అడక్కుండా మొదట కనబడిన ఆస్పత్రిలో దూరి, బల్ల ముందు నిలబడ్డాడు.

"పేరు?" అంది బల్ల వెనకున్న అమ్మాయి, తలెత్తకుండానే.

"నా పేరా అమ్మా?"

"మీది కాదండీ. తెచ్చినదాని పేరు."

"నేనేమీ తేలేదు."

"మరెందుకొచ్చారు?"

"మా అన్నయ్యకి ఒంట్లో బాగాలేదు," అని నోరుజారాడు. అమ్మాయి అప్పుడు తలెత్తింది. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ కూడా తలెత్తి, పాపం అన్నట్టు చూసింది. చిన్నమేస్త్రి వెనక్కి వెనక్కి నడిచి వీధిలో పడ్డాడు. ఆ ఆస్పత్రికి అసలు మేడే లేదన్న సంగతి అప్పుడు చూసుకున్నాడు.

రెండోది రైలు గేటు అవతల దొరికింది. దానికి మేడ ఉంది, పక్కనుంచి ఇనప మెట్లున్నాయి. కింద ఫినాయిల్ వాసన, తడిసిన కుక్కల వాసన. బోర్డూ లేదు గీర్డూ లేదు. మెట్ల దగ్గర తేలుకుట్టిన దొంగలా అటూ ఇటూ తచ్చాడుతుంటే, ఖాకీ చొక్కా వేసుకున్న భారీ మనిషి ఒకాయన వచ్చి ఆగాడు. సిటీ బస్సు డ్రైవరని తర్వాత తెలిసింది.

"పైకేనా?"

"లేదండీ, ఊరికే."

"మేమూ ఊరికే వచ్చినవాళ్ళమే. పదండి," అని జబ్బ పట్టుకుని ఎక్కించాడు.

పైన గదిలో ఒక వార పశువుల దాణా బస్తాలు, గోడకి గుర్రం ఎముకల బొమ్మ, మధ్యలో గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు. మనుషులు పదిమందికి మించి లేరు. అందరిలోకీ పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు, లేచి ఎదురొచ్చి కుర్చీ చూపించాడు. పక్కన ఒక నర్సు, డ్యూటీ నుంచి సరాసరి వచ్చినట్టుంది, ఫ్లాస్కులోంచి టీ పోసి చేతికిచ్చింది. ఇంత మర్యాద చిన్నమేస్త్రికి ఏ ఇంట్లోనూ జరగలేదు. కస్టమర్ల ఇళ్ళకి పనికెళ్తే బాగుచెయ్యాల్సిన సోఫా మీద కూడా కూర్చోమనరు.

"కంగారు పడకండి," అన్నారు మాస్టారు. "ఇక్కడ పేర్లు అడగం. ఏ ముక్క చెప్పాలనిపిస్తే ఆ ముక్క చెప్పండి."

"మా అన్నయ్య కోసం వచ్చానండీ."

గదిలో నవ్వు లేచింది. ఎగతాళి నవ్వు కాదు, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసి నవ్వే నవ్వు.

"నేను మా బావమరిది కోసం వచ్చాను," అన్నాడు డ్రైవరు. "అసలు నాకు బావమరిదే లేడు."

"నేను మా పేషెంట్ల కోసమని వచ్చాను," అంది నర్సు.

"నేను సమాజసేవకని వచ్చాను," అన్నారు మాస్టారు.

"అయ్యో, నేను నిజంగానే తాగనండీ!"

"మేమూ తాగం," అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

"ఒక్క చుక్క కూడా ముట్టనండీ!"

"ఆ ఒక్క చుక్క గురించే కదండీ మనం మాట్లాడుకునేది," అన్నాడు డ్రైవరు, వీపు మీద చెయ్యేసి.

కుడితిలో పడ్డ ఎలకలా అయింది చిన్నమేస్త్రి పరిస్థితి. కాదన్నకొద్దీ ఔననేవాళ్ళు. ఒట్టు వేస్తే ఇంకా గట్టిగా తలలూపేవాళ్ళు, పాపం, వాళ్ళూ ఒట్లు వేసివచ్చినవాళ్ళే మరి. అతను తంటాలు పడుతుంటే మాస్టారు గది పద్ధతి చెప్పారు. ఈ గది తాగేవాళ్ళది. చూసిపోదామని వచ్చేవాళ్ళని రానివ్వరు. ఎవరైనా చూస్తారేమోనన్న భయంతోనే సగంమంది మెట్ల దగ్గర్నుంచి వెనక్కి పోతారు. నెలలో ఆఖరి శనివారం మాత్రం ఇంటివాళ్ళు కూడా వచ్చి కూర్చోవచ్చు.

నేను చూసిపోదామని వచ్చినవాణ్ణే అని చెబితే బయటికి పంపేస్తారు. రేపు ఏ మొహం పెట్టుకుని అన్నని తీసుకురావాలి? చిన్నమేస్త్రి టీ తాగి నోరు మూసుకున్నాడు. తప్పు చెయ్యాలని చేసింది కాదు. అలా మొదలైంది.

"ఎవరెవరున్నార్రా?" అనడిగాడు అన్న, తమ్ముడు ఇంటికి రాగానే.

"ఒక మాస్టారు, ఒక బస్సు డ్రైవరు, ఒక నర్సమ్మ, ఇంకా కొందరు. మన కస్టమర్లెవరూ లేరన్నయ్యా. చాలా మంచివాళ్ళు."

"అయితే వచ్చేవారం చూద్దాం."

ఆ వచ్చేవారం రాదని వేరే చెప్పాలా? ఒక వారం రెగ్జిన్ లోడు రావాలి. ఒక వారం నడుము నొప్పి. ఇంకో వారం వాన. "నువ్వెళ్ళి కూర్చోరా, మళ్ళీ మనల్ని మర్చిపోతారు," అనేవాడు. తమ్ముడు వెళ్ళేవాడు. అన్న కుర్చీ చల్లారిపోకుండా తను కూర్చుంటున్నాననుకునేవాడు.

ఊరికే కూర్చుంటే ఎన్నాళ్ళు ఊరుకుంటారు? ఒక శనివారం అందరి కళ్ళూ అతని మీద వాలాయి. చెప్పక తప్పలేదు. ఏం చెప్పాలి? తనదంటూ ఏముంది? కళ్ళు మూసుకుని అన్న కథ ఎత్తుకున్నాడు, 'నేను' అంటూ.

"నేను సోఫాలు కుడతానండీ. పొద్దున్నే చెయ్యి వణుకుతుంది. ఒక గుక్క పడితే ఆగుతుంది. మధ్యాహ్నానికి ఇంకో గుక్క. ఒకరోజు అలా పట్టించి దీవాను కుషన్ కుట్టాను. వంకర సూది ఉంటుంది మాకు, జానెడు పొడుగు. దాన్ని లోపలే వదిలేసి కుట్టేశాను. ఆ ఇంట్లో చిన్నపిల్ల గెంతుతూ వచ్చి దానిమీద మోకాలేసింది."

కింద ఏదో కుక్క మూలుగుతోంది.

జరిగిందే అది. ఆ పిల్ల తండ్రి రక్తపు గుడ్డతో షాపుకొచ్చి కేకలేస్తుంటే పెద్దమేస్త్రి నోట్లో మేకులతో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చేతులు జోడించి, తప్పు నాదేనండీ అన్నది చిన్నమేస్త్రి. తర్వాత ఆ సూది ఊసు అన్నదమ్ముల మధ్య ఎప్పుడూ రాలేదు.

"పాప మోకాలు తర్వాత ఎలా ఉంది?" అనడిగింది నర్సు.

"తెలీదమ్మా. అడిగే ధైర్యం లేకపోయింది. కానీ అప్పట్నుంచి ఏ కుషన్ బయటికి వెళ్ళేముందైనా నేను దానిమీద మోకాళ్ళేసి..."

అక్కడ ఆగిపోయాడు. పెద్దమేస్త్రి ప్రతి కుషన్ మీదా మోకాళ్ళతో ఎక్కి, మూల మూలకీ పాకుతూ, ఒళ్ళంతా బరువేసి నొక్కేవాడు. తాగినమైకంలో ఏదో చాదస్తమనుకునేవాడు తమ్ముడు. ఒకటి రెండుసార్లు నవ్వుకున్నాడు కూడా. ఆ ముసలి మోకాళ్ళు అక్కడ ఏం వెతుకుతున్నాయో 'నేను' అని చెప్పుకున్నాక గానీ తెలిసిరాలేదు. చిన్నమేస్త్రి వెక్కి వెక్కి ఏడ్చాడు. నర్సు చెయ్యి పట్టుకుంది. డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారు లేచొచ్చి తలమీద చెయ్యిపెట్టారు. చిన్నప్పుడు జ్వరమొస్తే అన్న పెట్టిన తర్వాత అతని తలమీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ చెయ్యి హాయిగా ఉంది. దాచడం ఎందుకు, ఆ తర్వాత చిన్నమేస్త్రి శనివారం కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు.

"ఇవాళేం మాట్లాడుకున్నారు?" అన్నాడు అన్న.

"ఏముంది, మామూలే," అన్నాడు తమ్ముడు.

ఒక ఉదయం పెద్దమేస్త్రి రక్తం కక్కుకున్నాడు. వదిన బేసిన్ పట్టుకుని నిలబడింది. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో కిలకిలా నవ్వుతూ ఉండే మనిషి. ఇప్పుడామె మొహంలో ఏడుపు కూడా లేదు. "ఒక్కమాటండీ," అంది భర్తతో, నోరు కడిగిస్తూ. "అక్కడికెళ్ళి ఒక్కమాట చెప్పండి. ఇన్నేళ్ళకి మిమ్మల్నేమైనా అడిగానా? ఇదొక్కటి అడుగుతున్నాను. నాకోసం చెప్పండి."

పెద్దమేస్త్రి భయపడ్డాడు. ఆ భయంతోనే సీసా ముట్టుకోలేదు. "ఈ శనివారం వస్తానురా," అన్నాడు తమ్ముడితో. అది నెలలో ఆఖరి శనివారం. ఇంటివాళ్ళు వచ్చే రోజు కాబట్టి గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు, నయమే అనుకున్నాడు చిన్నమేస్త్రి. వెళ్ళగానే మాస్టారిని పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పేద్దామనుకున్నాడు. వాళ్ళు తననే తాగుబోతనుకుంటున్న సంగతి అన్నకి మాత్రం ముందుగా చెప్పలేదు. చెబితే రానంటాడేమోనని భయం.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు పెద్దమేస్త్రి. తాగక ఒళ్ళంతా వణుకుతోంది. తమ్ముడి భుజం గట్టిగా పట్టుకుని నడిచాడు. ఇనప మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"ఏమని మొదలెట్టాలిరా?"

"నోటికేదొస్తే అది చెప్పన్నయ్యా."

"నోటికేమీ రావట్లేదురా," అన్నాడు, చిన్నపిల్లాడిలా.

లోపలికి అడుగుపెట్టారో లేదో గది మొత్తం లేచి నిలబడింది. తమ్ముడి భుజం మీదున్న అన్న చెయ్యిని అందరూ చూశారు. పడిపోకుండా పట్టుకున్న చెయ్యి అది. వాళ్ళ కళ్ళకి తమ్ముడికి ధైర్యమిచ్చే చెయ్యిలా కనబడింది. "మీరేనా అన్నయ్యగారు!" అంటూ మాస్టారు రెండు చేతులూ పట్టుకున్నారు. "మొదటిరోజు మీ పేరు చెప్పే గదిలోకొచ్చాడండీ మీ తమ్ముడు. తమ్ముడి కోసం ఇలా వచ్చే అన్నలు ఎంతమందుంటారు?" "మాస్టారూ, ఒక్కమాట," అంటున్నాడు చిన్నమేస్త్రి. ఎవరికి వినిపించింది? పెద్దమేస్త్రిని తీసుకెళ్ళి గోడవారగా ఇంటివాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. తమ్ముణ్ణి తీసుకొచ్చి గుండ్రంలో అతని మామూలు కుర్చీలో కూర్చోబెట్టారు.

పెద్దమేస్త్రి తమ్ముడి వైపు చూశాడు. అర్థం కాని చూపు.

నర్సు ఆయన వైపు పరీక్షగా చూసింది. "మీకు ఒంట్లో బాగుందా అండీ? కళ్ళు పచ్చగా ఉన్నాయి."

"ఒంట్లో బాగాలేదమ్మా," అన్నాడు ఆయన, అలవాటు కొద్దీ.

"దిగులు పెట్టుకుంటే అంతే," అన్నారు మాస్టారు. "ఇంట్లో ఒకడు తాగితే ఇంటిల్లిపాదికీ జబ్బు."

"ఆ సూది సంగతి చెప్పి మీవాడు ఎంత ఏడ్చాడో తెలుసా అండీ!" అన్నాడు డ్రైవరు. "కుషన్ల మీద మోకాళ్ళేసి వెతికే సంగతి కూడా చెప్పాడు. రాళ్ళయినా కరిగిపోతాయి."

పెద్దమేస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. తమ్ముడి వైపు మళ్ళీ చూశాడు. ఈసారి అర్థమైంది ఆయనకి. చాలాసేపు చేతులు చూసుకున్నాడు. తర్వాత కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"వాడిది కాదండీ తప్పు," అన్నాడు. "వాడు తాగడు. నేను తాగుతాను. ఆ సూది కుషన్లో వదిలింది నేనే. మానడం నా వల్ల కావట్లేదు."

వచ్చేసింది. డాక్టరడిగిన మాట, వదిన అడిగిన మాట, ఒక్కక్షరం తగ్గకుండా వచ్చేసింది.

గదిలో ముక్కులు చీదుకుంటున్న చప్పుడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా," అన్నారు అందరితో. "తోడబుట్టినవాడి తప్పు ఎలా నెత్తినేసుకుంటున్నారో చూడండి. అన్నంటే ఇలా ఉండాలి." తర్వాత పెద్దమేస్త్రి వైపు తిరిగి, మెత్తగా, ఎంతో ప్రేమగా, "కానీ అన్నగారూ, ఇదే మనం చెయ్యకూడదు. వాడి బరువు మీరు మోస్తే వాడెప్పటికీ లేవడు. వాడి తప్పు వాణ్ణే మొయ్యనివ్వండి. మీరు కూర్చోండి," అన్నారు.

పెద్దమేస్త్రి కూర్చోలేదు. నిలబడే తమ్ముడి వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి అన్న తమ్ముణ్ణి ఒక సాయం అడుగుతున్నాడు. నోటితో కాదు, కళ్ళతో. ఒక్కమాట. అన్నయ్య చెప్పేది నిజమండీ అంటే చాలు.

చిన్నమేస్త్రి నోరు తెరిచాడు. ఎదురుగా మాస్టారున్నారు, చెయ్యి పట్టుకున్న నర్సుంది, తనకోసం ఏడ్చిన డ్రైవరున్నాడు. ఇన్ని శనివారాలూ నేను ఏడ్చింది దొంగ ఏడుపండీ అని వాళ్ళకి చెప్పాలి. నా తలమీద పెట్టిన చెయ్యి తీసెయ్యండి అని చెప్పాలి. సిగ్గు ముంచుకొచ్చింది. ఇప్పుడు కాదు, మెట్లు దిగేటప్పుడు మాస్టారికి చెబుతాను, వచ్చేవారం చెబుతాను అనుకున్నాడు. తెరిచిన నోరు మూసుకుని తలదించుకున్నాడు. ఆ తలదించుకోవడం చూసి గదిలోవాళ్ళకి ఉన్న కాస్త అనుమానమూ పోయింది.

"సరేనండీ," అన్నాడు పెద్దమేస్త్రి. "వాణ్ణి మీరే చూసుకోవాలి." అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ చప్పట్లకి ఆయన మొహం కొంచెం వెలిగింది కూడా. చాలా ఏళ్ళ తర్వాత నలుగురు ఆయన్ని మర్యాదగా చూశారు.

మాస్టారు మెట్లదాకా వచ్చి సాగనంపినా చిన్నమేస్త్రి నోరు పెగల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు రైలు గేటు పడి ఉంది. ఇద్దరూ నిలబడ్డారు.

"మంచివాళ్ళురా," అన్నాడు అన్న.

"అవునన్నయ్యా."

"చెప్పానుగా."

"చెప్పావన్నయ్యా."

బండి వెళ్ళిపోయింది. గేటు లేచేలోపు పెద్దమేస్త్రి చిన్నగా నవ్వాడు. "నేను చెప్పుకోవడానికి నువ్వేమీ మిగల్చలేదురా," అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు. భుజం మీద చెయ్యి మాత్రం తీసేసి, తూలుతూ తనే నడిచాడు.

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. భర్త ఆవిణ్ణి దాటుకుని లోపలికెళ్ళిపోయాడు. "చెప్పారా?" అంది మరిదితో, ఊపిరి బిగబట్టి.

"ఈసారికి కుదర్లేదు వదినా. వచ్చేసారి తప్పకుండా చెబుతాడు."

వచ్చేసారి లేదు. ఆ సోమవారానికే మళ్ళీ సీసా వచ్చింది. శనివారమొస్తే పెద్దమేస్త్రి నోటినిండా మేకులు పోసుకుని ఏదో ఒక కుర్చీ ముందేసుకునేవాడు. చిన్నమేస్త్రి కూడా మేడ ఎక్కడం మానేశాడు, ఆ మొహాలు చూసే ధైర్యం లేక. వారం వారం అనుకుంటూనే ఉన్నాడు, రేపు వెళ్ళి చెప్పేస్తానని. చలికాలం రాకముందే పెద్దమేస్త్రి పోయాడు.

బస్సు ఆ వీధిలోంచే వెళ్తుంది కాబట్టి డ్రైవరు మూసిన షాపు చూసి సంగతి కనుక్కున్నాడు. ముగ్గురూ కలిసి వచ్చారు, మాస్టారూ నర్సూ అతనూ. వదిన ముందుగదిలో గోడకానుకుని కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళందరితో రోజూ అంటున్నదే వాళ్ళతోనూ అంది. "ఒక్కమాట అడిగానండీ ఆ మనిషిని. ఒక్కమాట. నాకోసం చెప్పమన్నాను. ఆ మాత్రానికి నోరు రాలేదు ఆయనకి. అంత కానిదాన్నైపోయాను."

ఏ మాటో వాళ్ళకి తెలీదు. అడగడం మర్యాద కాదని ఊరుకున్నారు. నర్సు ఆవిడ పక్కన కూర్చుంది. "మీ మరిది గురించి దిగులు పెట్టుకోకండమ్మా. ఈ దుఃఖంలో మళ్ళీ మొదలుపెట్టకుండా మేం చూసుకుంటాం. మీవారు ఆయన్ని మాకు అప్పగించి వెళ్ళారు."

వదిన ఆమె వైపూ మరిది వైపూ మార్చి మార్చి చూసింది. అయోమయంలో కూడా మర్యాద తప్పలేదు. "సరేనమ్మా," అంది. మాస్టారు చిన్నమేస్త్రిని గుండెలకి హత్తుకుని, శనివారం వస్తానని మాట తీసుకుని, మిగిలినవాళ్ళతో కలిసి వెళ్ళిపోయారు.

వాళ్ళ చెప్పుల చప్పుడు వీధి చివరికెళ్ళేదాకా వదిన మాట్లాడలేదు.

"నువ్వు మళ్ళీ మొదలుపెట్టడమేమిటి?" అంది.

చిన్నమేస్త్రి నేలమీద కూలబడ్డాడు. తన గురించి దాచుకుంటే దాచుకునేవాడేమో. చచ్చిపోయిన అన్నని ఆవిడ అలా తిట్టుకోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

"అన్నయ్య చెప్పాడు వదినా."

"ఏం చెప్పారు?"

"నువ్వడిగిన మాటే. ఆ గదిలో, అందరి ముందూ లేచి నిలబడి చెప్పాడు. నేను తాగుతాను, మానడం నా వల్ల కావట్లేదు, సూది వదిలింది నేనే అన్నాడు. చెప్పాడు వదినా, ఒట్టు."

వదిన మొహం విప్పారింది. ఆ ఇంట్లో అలాంటి మొహం చూసి చాలా కాలమైంది. "చెప్పారా?" అంది. "నాకోసం చెప్పారా?" కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ కారాయి. కాసేపటికి ఆ చెయ్యి ఆగింది.

"మరి మళ్ళీ ఎందుకెళ్ళలేదు?"

"వాళ్ళు నమ్మలేదు. నేనే తాగుబోతుననుకున్నారు. నన్ను కాపాడ్డానికి అన్నయ్య అలా చెబుతున్నాడనుకున్నారు."

వదిన కొంగు దించి మరిది వైపు తిరిగింది.

"నువ్వక్కడే ఉన్నావు కదయ్యా?" అంది.

"ఉన్నాను వదినా," అన్నాడు చిన్నమేస్త్రి.